క్వార్టర్ వోడ్కాకి 18 గ్రాముల వెనీలా

ఇంట్లో వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ (వెనీలా కాయల సారాన్ని మందులోకి దించి చేసే వాసన ద్రవం) ఎలా చేయాలి అని వెతికితే వచ్చే వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. అందమైన గాజు సీసా, అందులో మూడో నాలుగో వెనీలా కాయలు, పైనుంచి వోడ్కా, మూతకి ఒక జనపనార తాడు, రెండు నెలలు ఆగండి అంతే అని ఒక నవ్వు. ఆ లెక్కన చేసిన సీసా రెండు నెలలకి తీసి చూస్తే రంగు బాగానే దిగి ఉంటుంది. వాసన చూస్తే మాత్రం ముందు వోడ్కా, తర్వాత వోడ్కా, చివర్లో ఎక్కడో ఓ మూల వెనీలా. ఇంట్లో చేసింది కదా, కాస్త మైల్డ్‌గానే ఉంటుందిలే అని సర్దిచెప్పుకుని కేకులో వేసేస్తారు. మైల్డ్ కాదండీ, కాయలు చాల్లేదు.

ఇంత పెద్ద పోస్టు రాస్తున్నాను కానీ అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే: కాయలు లెక్కపెట్టకండి, తూచండి. ఇంట్లో బంగారం తూచే కాటా అక్కర్లేదు, కేకులు చేసేవాళ్ల దగ్గర ఉండే చిన్న డిజిటల్ కాటా చాలు.

ఎంత తూచాలి అంటే, దీనికి అమెరికాలో చట్టమే ఉంది. అక్కడ సీసా మీద వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అని రాసి అమ్మాలంటే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం ఆల్కహాల్ కనీసం 35 శాతం ఉండాలి, ఒక గాలన్‌కి 13.35 ఔన్సుల కాయల సారం దిగాలి, ఆ కాయల్లో తేమ 25 శాతం దాటితే ఆ మేరకు ఇంకా ఎక్కువ కాయలు పడాలి. ఈ గాలన్లూ ఔన్సులూ మనకెందుకు గానీ, లెక్కేస్తే లీటరుకి సరిగ్గా 100 గ్రాములు వస్తుంది. దాన్ని మన వైన్ షాపు కొలతల్లోకి దించితే ఇంకా తేలిక. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, దానికి 18 గ్రాములు. హాఫ్ 375, దానికి 37 లేదా 38 గ్రాములు. ఫుల్ బాటిల్ 750, దానికి 75. మామూలు కాయ ఒక్కోటి రెండు నుంచి నాలుగు గ్రాములు తూగుతుంది కాబట్టి క్వార్టర్‌కే ఐదు నుంచి తొమ్మిది కాయలు పడతాయి. ఇప్పుడు ఆ వీడియోలో నాలుగు కాయలు ఒక కప్పు వోడ్కాలో వేసినవాళ్ల సంగతి చూడండి. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, 24 గ్రాములు కావాలి, వాళ్లు వేసింది సుమారు పన్నెండు. సగం బలం. ఏడాది ఉంచినా, రెండేళ్లు ఉంచినా, రోజూ ఊపినా, లోపల లేని సారం ఎక్కడినుంచి వస్తుంది?

చట్టం చెప్పింది కనీసం మాత్రమే. ఇంట్లోకి చేసుకునేటప్పుడు 18 బదులు 20, 22 గ్రాములు వేస్తే ఇంకా మంచిదే. నేనైతే క్వార్టర్‌కి 20 వేస్తాను.

కాయలు కొనేటప్పుడు అందరూ నిగనిగలాడే పొడుగు కాయల వెంట పడతారు. వాటిని ఎ గ్రేడ్ అంటారు, తేమ 30 శాతం పైన ఉంటుంది, మెత్తగా వంగుతాయి, చీల్చి గింజలు గీకి ఐస్‌క్రీమ్‌లోనో కస్టర్డ్‌లోనో నేరుగా వేసుకోవడానికి అవి బాగుంటాయి. వోడ్కాలో ఊరబెట్టడానికి మాత్రం బి గ్రేడ్ చాలు, నన్నడిగితే అదే మేలు. కాస్త పొట్టిగా, పొడిగా, అక్కడక్కడా చీలి, చూడ్డానికి అంత బాగుండవు గానీ తేమ తక్కువ కాబట్టి మనం డబ్బు నీళ్లకి కాకుండా సారానికి పెడుతున్నట్టు. ఆన్‌లైన్‌లో కొన్నిచోట్ల ఐదు కాయలు ఇంత, పది కాయలు ఇంత అని అమ్ముతారు, బరువు ఎక్కడా రాయరు. అలాంటిచోట నేను కొనను, లేదంటే అడుగుతాను. కాయ మీద సన్నటి తెల్లటి సూదుల్లా మెరిసే పొడి కనిపిస్తే కంగారుపడి పారేయకండి, అది వెనిలిన్, అంటే వెనీలాకి ఆ వాసన ఇచ్చే ముఖ్య పదార్థం, పైకి తేలి స్ఫటికాలు కట్టడం, మంచి కాయకే అలా వస్తుంది. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే తళుక్కుమంటుంది. బూజు అయితే మెరవదు, దూదిలా నూగు పట్టి ముక్కవాసన కొడుతుంది, అది మాత్రం పారేయాల్సిందే. పొగ వాసనో, పులిసిన వాసనో వచ్చే కాయలు కూడా వద్దు, ఆ వాసన సీసాలోకి దిగితే ఇక వదలదు.

ఇంత చిన్న ఎండు కాయకి అంత రేటు ఏంటి అని కొన్న ప్రతిసారీ అనిపిస్తుంది నాకు. కానీ అది తయారయ్యే తీరు తెలిశాక బేరం ఆడబుద్ధి కాదు. వెనీలా ఒక ఆర్కిడ్ తీగ. పుట్టిల్లు మెక్సికో, అక్కడ వెరాక్రూజ్ ప్రాంతంలోని టోటోనాక్ జనం దాన్ని ఎప్పటినుంచో వాడేవాళ్లు. స్పెయిన్ వాళ్ల ద్వారా యూరప్ చేరింది, అక్కడినుంచి తీగని తీసుకెళ్లి వేడి దేశాల్లో ఎక్కడెక్కడో నాటారు. తీగ పెరిగేది, పువ్వు పూసేది, కాయ మాత్రం కాసేది కాదు. పువ్వులో పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య ఒక సన్నటి పొర అడ్డం ఉంటుంది, మెక్సికోలో పుప్పొడిని అటు చేర్చిపెట్టే పురుగులు ఈ దేశాల్లో లేవు. 1836లో బెల్జియంలో షార్ల్ మోరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో పరాగసంపర్కం చేసి కాయ కాయించాడు గానీ ఆయన పద్ధతి తోటల్లో పనికొచ్చేంత సులువు కాదు. ఆ సులువు పట్టుకున్నది 1841లో, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు. సన్నటి పుల్లతో ఆ పొరని పైకి లేపి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి అద్దేయడం. అంతే. ఈరోజుకీ ప్రపంచంలో వెనీలా తోటలన్నిట్లో చేసేది అదే పని, అదే పుల్ల, అదే బొటనవేలు. 1848లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక అతనికి స్వేచ్ఛా, ఆల్బియస్ అనే ఇంటిపేరూ వచ్చాయి గానీ డబ్బు రాలేదు, 1880లో పేదవాడిగానే పోయాడు. అతని వేలి పుణ్యమా అని దీవులకి దీవులు బాగుపడ్డాయి. నాకు ఈ కథ తెలిసినప్పుడు చాలాసేపు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

పువ్వు పొద్దున్న విచ్చుకుంటే మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ కాసేపట్లో మనిషి వచ్చి ఒక్కో పువ్వూ ముట్టుకోవాలి. తర్వాత ఎనిమిది తొమ్మిది నెలలు కాయ తీగ మీదే ఉండాలి. అలా కోసిన పచ్చికాయకి వాసనే ఉండదు! వెనిలిన్ అప్పటికి గ్లూకోజుతో కట్టుబడి ఉంటుంది, దాన్ని విడదీసే ఎంజైమ్ కాయలోనే ఉంటుంది గానీ రెండూ కలవవు. కాయల్ని 65 డిగ్రీల దగ్గర ఉండే వేడినీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, ఉన్ని గుడ్డల్లో చుట్టి చెమటపట్టించి, పగలు కొన్ని గంటలు ఎండలో పెట్టి, మళ్లీ చుట్టి, ఇలా వారాల తరబడి చేసి, నీడలో ఆరబెట్టి, ఆపైన మూసిన పెట్టెల్లో నెలల తరబడి మగ్గబెడితే అప్పుడు నల్లటి, వాసనొచ్చే కాయ తయారవుతుంది. ఐదారు కిలోల పచ్చికాయ ఎండితే ఒక కిలో. ప్రపంచంలో ఎక్కువ పంట వచ్చేది మడగాస్కర్ ఈశాన్య తీరంలో, అక్కడ దొంగల భయానికి రైతులు కాయ తీగ మీద ఉండగానే దాని మీద గుండుసూదులతో తమ గుర్తు పొడుస్తారు, కాయ ఎండి నల్లబడ్డాక కూడా ఆ గుర్తు పోదు.

అక్కడ తుఫాను వస్తే ఇక్కడ కేకు ధర మారుతుంది. 2000లో హుదా తుఫాను మడగాస్కర్‌ని కొట్టాక రేట్లు ఆకాశానికి వెళ్లాయి, ఆ ఊపులో కేరళలో, కర్ణాటకలో ఎంతోమంది రైతులు తోటల్లో వెనీలా తీగలు వేశారు. పచ్చికాయే కిలో వేల రూపాయలు పలికింది. రాత్రిళ్లు తోటలకి కాపలా కాశారు. తర్వాత మడగాస్కర్ పంట మళ్లీ రావడం, పెద్ద కంపెనీలు ఈలోపు కృత్రిమ వెనిలిన్‌కి మారిపోవడం, 2005 నాటికి ధర ఎంత వేగంగా ఎక్కిందో అంతకన్నా వేగంగా దిగిపోయింది. చాలామంది తీగలు పీకేశారు. మిర్చికో, పత్తికో మన రైతులకి ఇలాంటివి కొత్తేం కాదు కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. 2017లో ఎనావో తుఫాను తర్వాత మళ్లీ అదే ఆట నడిచింది. అప్పుడు పీకకుండా ఉంచుకున్నవాళ్లు, కొత్తగా వేసినవాళ్లు కేరళ, కొడగు, పొల్లాచ్చి వైపు ఇప్పటికీ ఉన్నారు, కొందరు రైతులు నేరుగా కొరియర్‌లో పంపుతారు కూడా. వీలైతే అలా కొనండి, మగ్గబెట్టడం ఎలా చేశారో అడిగితే చెప్పేవాళ్లు ఉంటారు.

సరే, వోడ్కా సంగతి.

మా ఆయన మందు ముట్టరు. అలాంటాయన్ని వైన్ షాపుకి పంపడమే పెద్ద పని. ఏ వోడ్కా తేవాలి అంటే, చవకది, ఏ ఫ్లేవరూ లేనిది అని చెప్పి పంపాను. కౌంటర్లో కుర్రాడు సోడా, గ్లాసులు కూడా ఇమ్మంటారా సార్ అని అడిగితే వద్దండీ ఇది కేకుకి అన్నారట, ఆ కుర్రాడు అదోలా చూశాడట. ఇక ఇంట్లో మా అత్తయ్యగారు. పప్పుల డబ్బాల వెనక సీసా చూసి నోట మాట రాలేదు ఆవిడకి. కాసేపటికి, "ఏమ్మా, దీన్ని కేకులో పోసి పిల్లలకి పెడతావా?" అన్నారు. ఆవిడ అడిగింది సబబైన ప్రశ్నే, చాలామంది అడిగేదే, కాబట్టి ఇక్కడా చెప్తాను. అరకిలో కేకుకి వేసేది ఒక టీస్పూను, అంటే ఐదు మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ రెండు మిల్లీలీటర్లు. అది ఎనిమిది ముక్కల్లోకి పంచబడుతుంది, అదీ ఓవెన్ వేడికి కొంత ఆవిరైపోయాక. క్రీములో, మిల్క్‌షేక్‌లో, అంటే పొయ్యి ఎక్కని వాటిలో వేస్తే మాత్రం ఆ కాస్తా ఉండిపోతుంది, అది కూడా చుక్కల లెక్కే అయినా ఆ సంగతి దాచి పెట్టడం నాకిష్టం లేదు. మతం వల్లో మనసు ఒప్పకో వద్దనుకునేవాళ్లు మానేయొచ్చు. చివరికి అత్తయ్యగారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం: కేకులకి సరే, దేవుడికి పెట్టే పాయసంలో మాత్రం ఏలకులే. నిజానికి మన సేమ్యా పాయసానికి ఏలకుల ముందు వెనీలా ఏపాటిది, ఆ గొడవే లేదు.

మందు అస్సలు వద్దు అనుకుంటే రెండు దారులు. ఒకటి ఫుడ్ గ్రేడ్ గ్లిజరిన్‌లో ఊరబెట్టడం. తియ్యగా, కాస్త చిక్కగా ఉంటుంది, బలం తక్కువ, ఎక్కువ వేసుకోవాలి. మెడికల్ షాపులో చర్మానికి రాసుకునే గ్లిజరిన్ తెచ్చి పోయకండి, రెండూ వేరు. రెండోది, నాకు ఇంకా నచ్చేది, పంచదార. అరకిలో పంచదారలో రెండు కాయలు చీల్చి గుచ్చి గట్టి మూత డబ్బాలో పెడితే కొన్ని వారాలకి డబ్బా మూత తీయగానే తెలుస్తుంది.

ఏ మందైనా పనికొస్తుందా అంటే, 35 శాతం దాటి ఉండాలి. మన దేశంలో తయారయ్యే వోడ్కా, రమ్ము, బ్రాందీ సీసాల మీద చాలావాటికి 42.8 శాతం అని ఉంటుంది, చక్కగా సరిపోతుంది. ఎక్కువైతే ఇంకా మంచిది కదా అని 90 శాతం పైన ఉండే స్పిరిట్ కోసం వెతకకండి. వెనిలిన్ ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది నిజమే, కానీ కాయలో నీళ్లకి లొంగే రుచులు కూడా ఉంటాయి, పైగా మరీ ఘాటు స్పిరిట్ కాయని బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆల్కహాలూ నీళ్లూ రెండూ ఉన్న మామూలు వోడ్కానే దీనికి సరైనది. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, నాటుసారా, ఇవి ఎంత చవకైనా, ఎవరు చెప్పినా, వంటింటి గడప దాటి లోపలికి రానివ్వకండి, కళ్లూ ప్రాణాలూ పోయే వ్యవహారం అది. వైన్, బీరు, కల్లు బలం చాలవు, కాయలు పాడైపోతాయి. రమ్ముతో చేస్తే ఇంకో రకం, బెల్లం వాసన కలిసి గుండ్రంగా ఉంటుంది, ప్లమ్ కేకుకీ చాక్లెట్ కేకుకీ నాకు అదే ఇష్టం. కానీ అందులో రమ్ము రమ్ములాగే వినపడుతుంది, కస్టర్డ్‌లో బాగుండదు. మొదటిసారి చేసేవాళ్లు వోడ్కాతోనే మొదలుపెట్టండి. ఖరీదైన వోడ్కా దండగ. ఏడాది తర్వాత అందులో వెనీలా తప్ప ఇంకేమీ తెలియదు.

చేయడానికి పని అంటూ పెద్దగా ఏమీ లేదు. గాజు సీసా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ప్లాస్టిక్ వద్దు, నెలల తరబడి ఆల్కహాల్ అందులో ఉండకూడదు. కాయని పొడుగ్గా చీల్చండి, లేదా కత్తెరతో అంగుళం ముక్కలు చేయండి, నేను ముక్కలే చేస్తాను, చూడ్డానికి బాగోకపోయినా సారం త్వరగా దిగుతుంది, ముఖ్యంగా అన్నీ మునుగుతాయి. గింజలు గీకి పారేయకండి, వాసనంతా గింజల చుట్టూ ఉండే ఆ జిగటలోనే ఎక్కువ. వోడ్కా పోసి, మూత బిగించి, తేదీ రాసి, వెలుతురు తగలని అల్మరాలో పెట్టేయడమే. స్టవ్ పక్కన వద్దు, ఎండ వచ్చే కిటికీలో వద్దు, ఫ్రిజ్‌లో అసలు వద్దు, చల్లదనానికి సారం దిగడం నెమ్మదిస్తుంది. వారానికోసారి గుర్తొచ్చినప్పుడు ఒకసారి ఊపండి. ఏ ముక్కా పైకి తేలి గాలికి ఉండిపోకుండా చూసుకోండి. చిన్నపిల్లల చేతికి అందనిచోట పెట్టండి, మంచి వాసన వస్తుంది కానీ లోపల ఉన్నది మందే.

ఈమధ్య కుక్కర్‌లో గంటలో ఎక్స్‌ట్రాక్ట్ అని వీడియోలు తిరుగుతున్నాయి. విదేశాల్లో ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకుని చేసేది చూసి మనవాళ్లు గ్యాస్ పొయ్యి మీద మామూలు ప్రెషర్ కుక్కర్‌లో వోడ్కా సీసా పెట్టి విజిల్ రప్పిస్తున్నారు. దయచేసి చేయకండి. కుక్కర్ లోపల ఆల్కహాల్ ఆవిరైతే అది విజిల్‌లోంచి బయటికొచ్చేది సరిగ్గా మంట పక్కకే. గిన్నెలో పోసి సన్నటి సెగ మీద వేడిచేయడం కూడా అంతే ప్రమాదం. దీన్ని తొందరపెట్టే ఉపాయం ఏదైనా ఉందంటే అది కాయని చిన్న ముక్కలు చేయడమే.

ఆగడం గురించి. ఆవకాయ అయితే మూడో రోజు తిరగకలిపి ముద్ద కలుపుకోవచ్చు, ఇది అలాంటి ఊట కాదు. మొదటి వారంలోనే రంగు మారిపోతుంది, నెలకి ముదురు గోధుమ రంగు వచ్చేస్తుంది, అది చూసి అయిపోయిందనుకుంటారు. రంగు ముందు దిగుతుంది, రుచి వెనక దిగుతుంది. రెండు నెలలకి వాడుకోవచ్చు అంటారు గానీ నా లెక్కలో కనీసం ఆరు నెలలు, ఏడాది అయితే తేడా మీకే తెలుస్తుంది. వోడ్కా ఘాటు అణిగి, తీపిలాంటి వాసన పైకొస్తుంది. సీసా మూత తీసి ముక్కు పెట్టి వాసన చూసి తీర్పు చెప్పకండి, ముందు ముక్కుకి తగిలేది ఎప్పుడూ ఆల్కహాలే. గోరువెచ్చటి పాలలో కాస్త పంచదార కలిపి అర టీస్పూను వేసి తాగి చూడండి, అప్పుడు తెలుస్తుంది. అడుగున మడ్డి, పైన నూనె బొట్టులాంటివి, కొంచెం మబ్బుగా ఉండటం, ఇవన్నీ మామూలే, కాయలోని నూనెలూ జిగురూ అవి, భయపడి పారబోయకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత డబ్బు, ఇంత కాలం, ఇదంతా అవసరమా? షాపులో చిన్న సీసా ఎసెన్స్ దొరుకుతుంటే?

నిజం చెప్పాలంటే అన్నిటికీ అవసరం లేదు. షాపు ఎసెన్స్‌లో ఉండేది ఎక్కువగా కృత్రిమ వెనిలిన్, లేదా దానికంటే రెండు మూడు రెట్లు ఘాటుగా ఉండే ఇథైల్ వెనిలిన్. సీసా వెనక చిన్న అక్షరాల్లో కృత్రిమ ఫ్లేవర్ అని రాసే ఉంటుంది, చదవండి. ఇదేమీ కొత్త మోసం కాదు, 1874లోనే జర్మనీలో టీమన్, హార్మన్ అనే ఇద్దరు దేవదారు జాతి చెట్ల రసంలో దొరికే కోనిఫెరిన్ నుంచి వెనిలిన్ తయారుచేశారు, తర్వాత లవంగనూనె నుంచి, కాగితం మిల్లుల వ్యర్థాల నుంచి, ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో చేస్తున్నారు. మనం చిన్నప్పుడు పెళ్లిళ్లలో చెక్క చెంచాతో తిన్న కప్పు ఐస్‌క్రీమ్, బేకరీ దాటుతుంటే వచ్చే ఆ వాసన, అదంతా ఇదే. నాకు ఇప్పటికీ ఆ వాసన ఇష్టమే, దాన్ని తిట్టబుద్ధి కాదు. బిస్కెట్లలాంటివి, గట్టిగా కాలే వాటిలో అసలు కాయకీ ఎసెన్స్‌కీ తేడా నేను కూడా పోల్చలేను. గుడ్డు నీచు వాసన పోవడానికి వేసేవాళ్లకి కూడా ఎసెన్స్ చాలు.

కానీ పాలతో, మీగడతో చేసే వాటిలో తేడా దాగదు. కస్టర్డ్, ఐస్‌క్రీమ్, పన్నాకోటా, క్రీము. అసలు కాయలో వెనిలిన్ ఒకటే కాదు, రెండు వందలకు పైగా వాసన పదార్థాలు ఉంటాయి, వేడి తక్కువ తగిలే చోట, కొవ్వు ఉన్నచోట అవి నిలబడతాయి. ఎసెన్స్ వేసిన ఐస్‌క్రీమ్ మొదటి చెంచాకి బాగుంటుంది, సగం కప్పుకి విసుగొస్తుంది. ఇది వేసింది అలా కాదు. అన్నట్టు, ఐస్‌క్రీమ్‌లో నల్లటి చుక్కలు కనిపిస్తే అసలు వెనీలా అని నమ్మకండి, సారం పిండేసిన కాయల గింజలు చూపు కోసం విడిగా అమ్ముతారు, అవి వేసి పైన ఎసెన్స్ కొట్టినా చుక్కలు చుక్కలే.

వాడేటప్పుడు చాలామంది ఎసెన్స్ అలవాటుకొద్దీ నాలుగు చుక్కలు వేసి ఏం వాసన రాలేదంటారు. దీన్ని టీస్పూన్లతో వేయాలి. అరకిలో కేకుకి ఒకటి, లీటరు పాల ఐస్‌క్రీమ్‌కి రెండు మూడు. కేకు అయితే వెన్న, పంచదార గిలకొట్టేటప్పుడే వేసేయండి, కస్టర్డ్ అయితే పొయ్యి కట్టేశాక.

సీసా తగ్గుతున్న కొద్దీ వోడ్కా పోస్తూ ఉంటే ఎప్పటికీ తరగని సీసా అవుతుంది అనే మాట కూడా వినపడుతుంది. కాదు. సగం దాకా వాడి ఒకసారి నింపారంటే, దానికి తగ్గ కొత్త కాయలు కూడా తూచి వేయాలి, లేకపోతే మనం చేస్తున్నది మళ్లీ ఆ వీడియోలో వాళ్ల పనే, కాకపోతే విడతలవారీగా. నేను అలా నింపను. రెండు సీసాలు పెట్టుకుంటాను, ఒకటి వాడకంలో ఉంటే ఇంకోటి ఊరుతూ ఉంటుంది.

సీసా అయిపోయాక మిగిలిన ముక్కలు పారేయకండి. వడకట్టి, పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాన్ కింద కరకరలాడేదాకా ఆరనిచ్చి, రెట్టింపు పంచదారతో మిక్సీలో వేసి జల్లించండి. ఘాటేమీ ఉండదు, కాఫీలోకి పనికిరాదు, ప్రయత్నించకండి, డికాషన్ ముందు దాని ఉనికే తెలియదు. ఫ్రెంచ్ టోస్ట్ మీద చల్లడానికి, పిల్లల పాలలోకి మాత్రం బాగుంటుంది. మిక్సీ జార్ కడిగే ముందు కాసిని పాలు పోసి తిప్పితే ఆ అంటుకున్నది కూడా వస్తుంది.